రిపోర్టులో ఖాళీ గడి

కిడ్నీ మార్పిడికి ముందు చేసే టిష్యూ టైపింగ్‌లో చూసేది ఆరో క్రోమోజోము పొట్టి కొమ్మ మీదున్న హెచ్‌ఎల్‌ఏ జన్యువులను. అవి దగ్గరదగ్గరగా ఉంటాయి కాబట్టి తండ్రి నుంచి ఒక మూట, తల్లి నుంచి ఒక మూట దాదాపు చెదరకుండా బిడ్డకు చేరతాయి. తోబుట్టువుల్లో ఏ ఇద్దరికైనా రెండు మూటలూ కలిసే అవకాశం నాలుగింట ఒకటి. ఈ జన్యువులు కణాల మీద నిలిపే గుర్తుల్లో మొదటిదాన్ని 1958లో ఫ్రెంచి వైద్యుడు జాన్ దోసే కనిపెట్టారు. 1980లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

తిరుచానూరు నుంచి తిరుపతి స్విమ్స్‌కు డయాలసిస్ కోసం తిరిగే మనిషికి ఇంట్లోవాళ్లెవరైనా కిడ్నీ ఇస్తామంటే, ఊదారంగు మూత గొట్టాల్లో ఇద్దరి నెత్తురూ ల్యాబుకు వెళ్తుంది. తిరిగొచ్చే కాగితంలో ఎ, బి, డీఆర్ అని వరుసలు, వరుసకు రెండేసి గడులు. ఒక్కోసారి ఒక గడిలో అంకె ఉండి, పక్క గడిలో ఉత్త గీత ఉంటుంది. కష్టమంతా ఆ గీతను చదవడంలోనే ఉంది.

రెండు మూటల్లోనూ ఒకే రకం ఉంటే గీత పడుతుంది. రాయలసీమలో దీనికి మేనరికం ఒక కారణం. అక్క కూతురిని చేసుకున్న ఇంట పుట్టిన బిడ్డకు ఒకే పూర్వీకుల జన్యువు రెండు వైపుల నుంచీ అందే అవకాశం ఎనిమిదింట ఒకటి. మేనత్త, మేనమామ బిడ్డల పెళ్లిలో పదహారింట ఒకటి. మేనమామను చేసుకున్న భార్యకైతే భర్తతో ఒక మూట కలిసే అవకాశం సగానికి సగం. పరాయి సంబంధంలో ఇది సాధారణంగా ఉండదు.

ఉన్న రకాన్ని పరీక్షే పట్టుకోలేకపోయినా గీతే పడుతుంది. చివరిది, అరుదైనది: ఆ మూటలో ఆ జన్యువు తెగిపోయి, అలాగే తరతరాలుగా రావడం. తండ్రికి ఎ2, గీత. బిడ్డకు ఎ11, గీత అనుకుందాం. పైకి చూస్తే తండ్రిది బిడ్డకు ఏమీ రాలేదు. నిజానికి తండ్రి ఇచ్చింది జన్యువు లేని మూటే కావచ్చు. 1994 నాటి అవయవ మార్పిడి చట్టం దగ్గరి బంధువులకూ ఇతర దాతలకూ వేర్వేరు దారులు పెట్టింది కాబట్టి, ఈ గీతను తప్పుగా చదివితే దానం ఆగిపోవచ్చు. ఒక తల్లి మీద నింద పడవచ్చు. మరో పద్ధతిలో పరీక్షించకుండా, తాత, అవ్వల నెత్తురు చూడకుండా బంధుత్వాన్ని శంకించడం అన్యాయం. పెద్దల్లో మేనరికం ఉందా అన్న ప్రశ్న కూడా తప్పుపట్టే గొంతుతో కాక, ఊరూ పేరూ అడిగినట్టే మొదట్లో అడగాలి.

కొన్ని లేములు మాత్రం మామూలే. డీఆర్‌బీ1 జన్యువు దాదాపు అందరికీ ఉంటుంది. దాని పక్కన డీఆర్15, 16 మూటల్లో డీఆర్‌బీ5; 4, 7, 9 మూటల్లో డీఆర్‌బీ4; 3, 11, 12, 13, 14 మూటల్లో డీఆర్‌బీ3 ఉంటాయి. 1, 8, 10 మూటల్లో ఈ మూడింటిలో ఏదీ ఉండదు. లేనందువల్ల జబ్బేమీ రాదు. కానీ దాత కిడ్నీలో అవి ఉంటే, ఎన్నడూ చూడని ఆ గుర్తుల మీద రోగి శరీరం యాంటీబాడీలు తయారుచేయవచ్చు. తూర్పు ఆసియాలో బి48 మూటల్లో కొన్నింటికి మైకా అనే జన్యువు మొత్తంగా ఉండదు. మైకా మీద యాంటీబాడీలున్న రోగుల్లో కిడ్నీ నిలబడే అవకాశం తగ్గుతుందని 2007లో ఒక పెద్ద అధ్యయనం చూపింది.

జన్యువు మొత్తం పోనక్కర్లేదు, అందులో ఒక్క డీఎన్‌ఏ అక్షరం పోయినా చాలు. హెచ్‌ఎల్‌ఏల్లోనే సి అనే జన్యువుకు చెందిన సి*04:09ఎన్ రకంలో ఏడో ఎక్సాన్‌లో, అంటే జన్యువులో ప్రొటీనుకు సంకేతమిచ్చే ఏడో ముక్కలో, ఒకే ఒక్క అక్షరం లోపించింది. పేరు చివరి ‘ఎన్’ ఆ ప్రొటీను కణం మీదికి రాదన్న సూచన. రెండో, మూడో ఎక్సాన్లు మాత్రమే చదివే పరీక్షకు ఇది మామూలు సి4గానే కనిపిస్తుంది. అప్పుడు కాగితం మీద గడి నిండే ఉంటుంది, ఖాళీ ఉన్నది కణం మీద. ఏడో ఎక్సాన్‌ను కూడా చదివితే అది బయటపడుతుంది.