లేపాక్షి పైకప్పు చూశారా?

రొద్దం, పెనుకొండ, హిందూపురం వైపు ఇంటికి చుట్టాలొస్తే ఒకపూట లేపాక్షికి తీసుకెళ్లడం మామూలే. వచ్చినవాళ్లు వేలాడే స్తంభం కింద తువ్వాలు దూర్చి లాగుతారు. నాగలింగం ముందు ఫొటో దిగుతారు. తోటలో ఉన్న ఏకశిలా నంది చుట్టూ ఓసారి తిరిగి బండెక్కుతారు. ఈ హడావుడిలో గుడి పైకప్పు చూసేవాళ్లు తక్కువ. విజయనగర కాలపు చిత్రాలు ఇంత విస్తారంగా మిగిలిన చోట్లు దక్షిణాదిలో అరుదు. అవి మన కళ్లముందే ఉన్నాయి.

వీరభద్రస్వామి ఆలయాన్ని అచ్యుతదేవరాయల ఏలుబడిలో, 16వ శతాబ్దం తొలి సగంలో, విరూపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు కట్టించారు. విరూపణ్ణ పెనుకొండలో రాయల కోశాధికారి. కూర్మశైలమనే గుట్టనే ఆవరణగా మలుచుకుని, అక్కడున్న గుండులోనే ఏడు పడగల నాగలింగాన్ని చెక్కారు. 70 స్తంభాల నాట్యమండపంలో బ్రహ్మ మృదంగం వాయిస్తుంటాడు, తుంబురుడు వీణ మీటుతుంటాడు, మూడు కాళ్ల భృంగి ఆడుతుంటాడు. స్తంభాల మీద శిల్పి పని ముగిసిన చోట, పైన చిత్రకారుడి పని మొదలవుతుంది.

రాతి పలక మీద నేరుగా రంగు వేస్తే నిలవదు. అందుకని ముందు ఇసుక, సున్నం కలిపిన గచ్చు పట్టించారు. దానిపైన మెత్తటి సున్నం పలచగా పూసి నున్న చేశారు. బొమ్మ అంతా ఆ పూత మీదే. రంగులు కూడా నాలుగైదే: జేగురు ఎరుపు, పసుపుమన్ను, ఆకుపచ్చ మన్ను, మసి నలుపు, సున్నపు తెలుపు. నీలం దాదాపు కనిపించదు. వెనక పరిచింది ఎక్కువగా ఎరుపే. వెలుతురు అంతగా చొరబడని మండపంలో కింద నిలబడి చూసినా బొమ్మ తేటగా తెలుస్తుందంటే ఆ ఎరుపే కారణం.

ఈ పద్ధతిలో పెత్తనమంతా గీతదే. వెలుగునీడలతో ఒంటికి గుండ్రదనం తెచ్చే ప్రయత్నం ఉండదు. రంగు సమంగా నింపి, నల్లటి గీతతో ముక్కు, పెదవి, వేలికొన, చీర కుచ్చిళ్లు తేల్చేస్తారు. ముఖాలు ఎక్కువగా పక్కకు తిరిగి ఉంటాయి, కన్ను మాత్రం పెద్దది. మనుషులు వరసగా నిలబడి ఉంటారు. కథ పొడవాటి పట్టీలా సాగుతుంది, ఒకే మనిషి ఒక్కో ఘట్టంలో మళ్లీ మళ్లీ కనిపిస్తాడు. రథం కింద దూడ పడడం, తల్లి ఆవు రాజు వాకిట గంట మోగించడం, సొంత కొడుకని చూడకుండా రాజు తీర్పు చెప్పడం: మనునీతి చోళుడి కథను చదువు రానివాళ్లు కూడా అలా తలెత్తి నడుస్తూ చదువుకోవచ్చు. పార్వతీ కల్యాణం, ద్రౌపదీ స్వయంవరం, కిరాతార్జునీయం ఇదే తీరు. అర్ధమండపం పైకప్పు మీది వీరభద్రుడి చిత్రం పొడవు సుమారు 24 అడుగులు, వెడల్పు 14 అడుగులు. ఆ స్వామి పాదాల దగ్గర విరూపణ్ణ, వీరణ్ణ పొడవాటి కుళ్లాయిలు పెట్టుకుని దణ్ణం పెడుతుంటారు.

దేవతల ముఖాల మీదనుంచి చూపు కాస్త దించి చీరలు చూడండి. గళ్లు, చారలు, పూలు, అంచులు, కొంగులు: ఒక చీరలా ఇంకో చీర ఉండదు. 16వ శతాబ్దపు నేత గురించి ఇంతకన్నా మంచి ఆధారం ఎక్కడ దొరుకుతుంది? పక్కనే లతామండపం స్తంభాల మీద చెక్కిన లతలు, హంసలు, చిలకలు ధర్మవరం పట్టుచీరల అంచుల్లోకి వచ్చాయి. డిజైను వేసేవారు వాటిని గ్రాఫు కాగితం మీదికి ఎక్కిస్తారు. అక్కడినుంచి జకార్డు అట్టల్లోకి, అట్టల నుంచి మగ్గం మీదికి. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట తోలుబొమ్మల్లోనూ ఆ పక్కచూపు ముఖమే, ఆ పెద్ద కన్నే, ముదురు నల్లగీతే. నగలు మాత్రం ఉలితో పొడిచిన చిల్లుల్లో మెరుస్తాయి.

గీత చేతుల్లో బతికే ఉంది గానీ గచ్చు మాత్రం ముసలిదైంది. పైకప్పు నుంచి చెమ్మ దిగితే సున్నం పొర ఉబ్బి రాలిపోతుంది, దానితోపాటే బొమ్మ. గుడి కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది. 2022లో యునెస్కో తాత్కాలిక జాబితాకూ ఎక్కింది. అయితే రాలిన గీతను ఏ జాబితా తిరిగి తేలేదు. మిగిలినదాన్నంతా కొలతలతో సహా నకళ్లు తీయించి, హిందూపురం, ధర్మవరం బడుల్లో, మగ్గాల ఇళ్లలో అందుబాటులో ఉంచాలి. ఆ పనికి పెద్ద ఖర్చేమీ కాదు. వెళ్లినవాళ్లు కూడా ఫ్లాషు వెయ్యకుండా, గోడ ముట్టకుండా, ఓ అరగంట తలెత్తి చూసి రండి.