శ్రీరంగపట్టణపు సమాధులు, మన వీరగల్లులు

నందిదుర్గపు నీడలో కాపురములుండు మనకు 1791 నాటి ముట్టడి వినికిడి కథయే. ఆ అక్టోబరులో కారన్‌వాలిసు సేనలు మూడు వారములు కొండను ముట్టడించి, రాత్రివేళ వెన్నెలలో గోడలెక్కి, టిప్పుసుల్తాను దళముచేతినుండి దుర్గమును గైకొనెను. పైనుండి దొరలించిన బండలక్రింద పలువురు నలిగిరి. వారెవరో తెలుపు రాయి కొండమీఁద మా కంటఁ బడలేదు.

ఆ కొఱతతోనే శ్రీరంగపట్టణమునకుఁ బోయి, 1799లో పట్టణము పడిన పిమ్మట ఏర్పడిన దండు శ్మశానవాటికను చూచితిమి. మూడువందల సమాధులు గలవు. మ్యూరాన్ అను స్విస్ పటాలపు అధికారులు, వారి భార్యలు, పసిబిడ్డలు అందు నిద్రించుచున్నారు. జీవితమంతయు దస్తావేజులు వ్రాసిన గుమాస్తాలము గనుక ఆ శిలాలేఖనములను ఆ దృష్టితోనే పరీక్షించితిమి. పేరు, హోదా, తేది, వయస్సు, అతిశయోక్తి స్వల్పము. బిడ్డకు సైతము వేరొక రాయి నిలిపిన ఆ శ్రద్ధ మెచ్చఁదగినది.

లోపమును జెప్పక తప్పదు. మేము చదివిన రాళ్లలో సిపాయి పేరొక్కటియు లేదు. కంపెనీవారి మదరాసు పటాలములలో తెలుగువా రుండిరి. ఉత్తరదేశమున సిపాయికి 'తిలంగా' యను పేరే వచ్చెను. క్రైస్తవుల వాటికలో ఇతరులకుఁ జోటుండదను మాట న్యాయమే. కాని పేరు చెక్కుటకు సమాధి యేల? 1791 ముట్టడిలోఁ బడినవారికై బెంగుళూరున నిలిపిన స్మారకస్తంభము సమాధి కాదు గదా! పేర్లు తెలియవందుమా, జీతపు పట్టీలో పేరు లేక సిపాయికి జీతము ముట్టదు. మావంటి గుమాస్తా యెవఁడో నెలనెలా ఆ పేరు వ్రాసియే యుండును. కాగితమున కెక్కిన పేరు రాతి కెక్కలేదు.

ఆ స్తంభమును 1964లో తొలగించిరి. పరాయి పాలన గుర్తులు పోవుటకు మేము వగవము. అయితే దానివలన మన సిపాయి పేరుగాని, కోటను గాచిన మైసూరు జవాను పేరుగాని వెలికి రాలేదు.

మన పూర్వులు ఈ విషయమున ఉదారులు. పసులమందను విడిపింపఁబోయి మడిసిన సామాన్యునకును వీరగల్లు నిలిపిరి. క్రింద పోరు, నడుమ అప్సరసలు, పైన శివలింగము; కొన్నింట అతని పేరు, కుటుంబమున కిచ్చిన మాన్యము. కథ చెప్పు నేర్పున ఇవి శ్రీరంగపట్టణపు రాళ్లకుఁ దీసిపోవు. మీఁదుమిక్కిలి చదువురాని వానికిని అర్థమగును.

అట్టి రాతిమీఁద బట్టలుతుకుట మా యూరి చెఱువుగట్టున మేమే చూచితిమి, చిన్ననాఁడు మేమును దానిపైఁ గూర్చుంటిమి. స్విస్ దేశపు మ్యూరాన్ వంశీయులు సముద్రములు దాటి వచ్చి తమవారి సమాధులను బాగుచేయించిరి. మన రాళ్లు మన గడపముందే యున్నవి. చిక్కబళ్లాపురము, బాగేపల్లి, చింతామణి ప్రాంతములలో ఒక్కొక్క కుటుంబము తన యూరి వీరగల్లును కడిగి, నిలువఁబెట్టి, దానిపై అక్షరములున్న యెడల చదివించి, సంఘమునకుఁ దెలుపవలెనని మా మనవి. మా యూరి రాతితో మేము మొదలిడెదము.