నేర్చి నేర్పే చేతులు: ఊరి తోటకు శిక్షకుల తయారీ

సేద్యాన్ని సాటివారికి నేర్పే మనిషి ముందుగా ఆ పని తన చేతులతో చేసినవాడై ఉండాలి. సామాజిక తోటల శిక్షణకు ఇదే పునాది. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో 1970ల తొలినాళ్లలో మాస్టర్ గార్డెనర్ శిక్షణ ఈ ఆలోచనతోనే మొదలైంది. పెరటి మొక్కల గురించి నగరవాసులు అడిగే సందేహాలు తీర్చడానికి విశ్వవిద్యాలయ విస్తరణ సిబ్బంది చాలలేదు. దాంతో మట్టి, మొక్కలు, చీడపీడలపై స్వచ్ఛంద సేవకులకు తరగతులు నడిపారు. శిక్షణ పొందినవారు అందుకు ప్రతిగా కొన్ని గంటలు జనానికి సలహాలివ్వాలి.

ఆంధ్రప్రదేశ్‌లో దీనికి దగ్గరి సంప్రదాయం పొలంబడి, అంటే రైతులు చేలోనే కలిసి నేర్చుకునే బడి. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 1989లో ఇండోనేషియా వరి చేలల్లో మొదలుపెట్టిన పద్ధతి దీనికి మూలం. 2016లో రైతు సాధికార సంస్థ చేపట్టిన ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం ఆ సంప్రదాయాన్ని మరింత ముందుకు తీసుకెళ్లింది. తన కమతంలో ప్రకృతి సాగు చేసి చూపిన రైతును ఎంపిక చేసి, శిక్షణ ఇచ్చి, తోటి రైతులకు నేర్పే బాధ్యత అప్పగిస్తారు. వీరినే ఐసీఆర్పీలు (ఇంటర్నల్ కమ్యూనిటీ రిసోర్స్ పర్సన్లు) అంటారు. మాస్టర్ గార్డెనర్‌ది స్వచ్ఛంద సేవ, ఐసీఆర్పీకి గౌరవ భృతి ఉంటుంది. నేర్చినది పంచాలనే నియమం మాత్రం ఇద్దరికీ ఒకటే. ఈ విద్యను ఇంటింటికీ చేర్చడంలో మహిళా పొదుపు సంఘాలది పెద్ద పాత్ర.

గోస్తనీ నది ఒడ్డున ఉన్న తగరపువలస ప్రాంతానికి ఈ శిక్షణ ఎంతో అవసరం. ఒకవైపు మహా విశాఖ నగరం విస్తరిస్తోంది, మరోవైపు పూలు, కూరగాయలు పండించే ఆనందపురం, పద్మనాభం మండలాలున్నాయి. ఇటువంటి చోట పొలం రైతుకూ, పెరట్లో నాలుగు పాదులు పెట్టుకునే గృహిణికీ, మిద్దె తోట పెంచేవారికీ దారి చూపే మనిషి ఊళ్లోనే ఉండాలి.

శిక్షణ మట్టితో మొదలవుతుంది. తేలికపాటి ఎర్రనేలలో నీరు త్వరగా ఇంకిపోతుంది, సేంద్రియ పదార్థం తక్కువ. కాబట్టి నేలను ఎప్పుడూ కప్పి ఉంచడం తొలి పాఠం. ఎండుటాకులు, గడ్డి, పంట వ్యర్థాలతో ఆచ్ఛాదన చేస్తే తేమ నిలుస్తుంది, కలుపు తగ్గుతుంది. తొలకరికి ముందే నవధాన్యాలు చల్లి నేలను పచ్చగా ఉంచడం రెండో పాఠం. ఇందుకు విత్తనాలకు బంకమట్టి, ఘన జీవామృతం (ఆవు పేడతో చేసే పొడి ఎరువు), బూడిద పట్టిస్తారు. చినుకు పడేదాకా విత్తనాన్ని ఆ పూత కాపాడుతుంది.

తరువాత కషాయాలు, ద్రావణాల తయారీ. ఎకరాకు సరిపడే ద్రవ జీవామృతానికి 200 లీటర్ల నీటిలో 10 కిలోల ఆవు పేడ, 5 నుంచి 10 లీటర్ల ఆవు మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి, గట్టుమీది గుప్పెడు మట్టి కలుపుతారు. నీడలో ఉంచి, రోజూ ఉదయం, సాయంత్రం కర్రతో కలియదిప్పితే రెండు రోజుల్లో సిద్ధమవుతుంది. నేలలోని సూక్ష్మజీవులకు ఊతమివ్వడం దీని ఉద్దేశం. విత్తనశుద్ధికి బీజామృతం, రసం పీల్చే పురుగులకు నీమాస్త్రం వాడతారు.

అయితే కొలతలు కంఠతా పట్టినంత మాత్రాన ఎవరూ శిక్షకులు కాలేరు. అసలు విద్య చూడటంలో ఉంది. పొలంబడిలో రైతులు పంటకాలమంతా వారానికోసారి చేలోకి దిగి మొక్క ఎత్తు, ఆకుల రంగు, నేల తేమ గమనిస్తారు. మిత్రపురుగులను, శత్రుపురుగులను లెక్కపెడతారు. చూసినది చార్టు మీద బొమ్మగా గీసి, చర్చించి నిర్ణయానికొస్తారు. ఆకు పసుపెక్కితే కారణం పోషక లోపమా, నీరు నిలవడమా, వైరస్ తెగులా అన్నది తేల్చుకున్నాకే మందు మాట. బెండలో పల్లాకు తెగులును తెల్లదోమ వ్యాప్తి చేస్తుంది. కనుక అక్కడ ఎరువు వేస్తే ఫలితం ఉండదు. తెగులు సోకిన మొక్కలను పీకేసి, దోమను అదుపు చేయాలి. పసుపు జిగురు అట్టలు, చేను చుట్టూ జొన్న వరుసలు ఇందుకు సాయపడతాయి.

చివరి మెట్టు బోధన. పెద్దలకు ఉపన్యాసం కన్నా ప్రదర్శన మేలు. ద్రావణం వాళ్ల చేతనే కలిపించాలి, ఒక మడిలో కొత్త పద్ధతి, పక్క మడిలో పాత పద్ధతి పాటించి తేడాను వాళ్లనే చూడనివ్వాలి. తెలియని ప్రశ్న వస్తే ఊహించి చెప్పకుండా కృషి విజ్ఞాన కేంద్రాన్నో, ఉద్యాన అధికారినో అడిగి వచ్చి చెప్పడం కూడా శిక్షణలో భాగమే.

శిక్షణ పూర్తిచేసినవారికి ఇచ్చే ధ్రువపత్రం విలువ ఈ క్రమశిక్షణలో ఉంది. అది ఉన్న మనిషి ఇచ్చే సలహా పరిశీలించి ఇచ్చినదనీ, అమ్మకం కోసం చెప్పినది కాదనీ ఊరివాళ్లు నమ్మగలగాలి. ఆ నమ్మకం ఉన్నచోట మందుల ఖర్చు తగ్గుతుంది, పెరటి కూర పిల్లల కంచంలోకి చేరుతుంది, ఒకరి అనుభవం పది ఇళ్లకు పాఠమవుతుంది. ఆ పది ఇళ్లలోంచి మరో శిక్షకురాలు తయారైనప్పుడే ఈ సంప్రదాయం తన పని పూర్తిగా చేసినట్టు.