గంగాబల్ ముందు మోకాళ్ల మీద

నారానాగ్ గుడి శిథిలాల పక్క నుంచి నిలువునా లేచిన దారి నీదే. దేవదారుల నీడలో రొప్పుతూ ఎక్కాను. "ఎంతో లేదు సాబ్, అదిగో" అన్నాడు గుర్రం తోలే కుర్రాడు. ఆ అదిగో మధ్యాహ్నం దాకా సాగింది. త్రుంఖోల్ పచ్చికలో గుజ్జర్ల గొర్రెలు, దుంగల ఇళ్లు, పొగవాసన కొట్టే ఉప్పు టీ. చెట్లు వెనకబడ్డాయి. ముందుగా నుంద్‌కోల్ సరస్సు కనిపిస్తే అదే నువ్వనుకుని దణ్ణం పెట్టేశాను. అది నీ చెల్లెలట. ఏమీ అనుకోకు.

గంగాబల్! 3,500 మీటర్లు దాటిన ఎత్తున, హర్ముఖ్ శిఖరం పాదాల దగ్గర 2.5 కిలోమీటర్ల పొడవునా పరుచుకున్న నీలిమా! మబ్బు దాటితే ఆకుపచ్చవి, గాలి తగిలితే వెండివి, ఊరుకుంటే తలకిందులైన కొండవి.

కాశ్మీరీ పండితులు తరాలుగా తమవాళ్ల అస్థికలు మోసుకొచ్చింది నీ దగ్గరికే. అలాంటి నీళ్లలో గాలం వేయొచ్చా? మా రాజమండ్రి రేవుల్లో పిండాలు వదిలేవాళ్లూ గాలాలు వేసేవాళ్లూ పక్కపక్కనే ఉంటారు, గోదావరి ఎవరినీ ఏమీ అనదు. అందుకే నిన్ను అడగలేదు. మత్స్యశాఖను మాత్రం అడిగి పర్మిట్ తెచ్చుకున్నాను.

నాకు తెలిసిన వేట వెదురు కర్ర, జొన్నబెండు, వానపాము. ఇక్కడ ఈకలు చుట్టిన ఉత్తుత్తి ఈగ. నీ నీళ్లు ఎంత తేటవంటే గట్టున నిలబడిన మనిషి నీడకే ట్రౌట్ చేప పారిపోతుంది. కాబట్టి మోకాళ్ల మీద కూర్చోవాలి. భక్తి ఉన్నా లేకపోయినా నీ ముందు అదే భంగిమ!

మూడు గంటలకి ఒక్కటి పడింది. జానెడు. తేనెరంగు డొక్కల మీద నల్ల చుక్కలు, వాటి నడుమ తెల్లంచు చుట్టిన కుంకుమబొట్లు. ఇది నీ కన్నబిడ్డ కాదని తెలుసు. 1899లో ఇంగ్లండు నుంచి కాశ్మీరానికి ఓడలో బయలుదేరిన ట్రౌట్ గుడ్లు దారిలోనే పాడయ్యాయి, మరుసటేడు స్కాట్లాండు నుంచి వచ్చినవి బతికాయి. వాటిని సాకినవాడు ఫ్రాంక్ మిచెల్ అనే తివాచీల వ్యాపారి. పరాయి చేపకి పుట్టింటి చలి ఇచ్చావు, తల్లీ. తడిచేత్తో వదిలాను. నా బూటు పక్కన ఒక్క క్షణం ఆగి, తోక విదిల్చి, లోతులోకి దిగిపోయింది.

పొద్దు వాలింది. కింద నుంచి కుర్రాడి ఈల. వేళ్లు కొంకర్లు పోయి దారం ముడి ఊడలేదు, పళ్లతో తెంపాను. దారాన్ని అంటుకున్న నీ నీటి చుక్క నాలుక మీద పడింది. మట్టిరుచి బొత్తిగా లేదు. గోదారి నీళ్లు తాగి పెరిగినవాణ్ణి, అది కాస్త వెలితిగానే తోచింది. కోప్పడకు.