ఊడిపోయే కుర్చీలో కూర్చున్న మాస్టారు

ఈ వారం టీవీలో ఒక బడి స్కిట్ చూశాను. నిక్కర్లు తొడుక్కున్న నలభై ఏళ్ల మగవాళ్లు పిల్లలు. మాస్టారు లోపలికి రాగానే ఒకడు జెల్ల కొడతాడు, ఇంకొకడు కుర్చీ లాగేస్తాడు, ఆయన దబ్బున పడతాడు. పడ్డ ప్రతిసారీ వెనకనుంచి నవ్వుల మోత. పది నిమిషాలు గడిచినా ఆ మాస్టారు పాఠం మొదలుపెట్టింది లేదు. నాకు ఒళ్లు మండింది. జీవితమంతా చాక్‌పీసు పొడి పీల్చి మనకు నాలుగక్షరాలు నేర్పినవాళ్లను ఇలా తన్నించి నవ్వించడమేమిటి? బడిపంతుల్ని ఎగతాళి చేయడం ఇక ఆపండి అని రాద్దామని కూర్చున్నాను.

రాయబోతుంటే ఇంగ్లిష్ హాస్యనటుడు విల్ హే అడ్డొచ్చాడు. బడిపంతుల్ని ఆయన ఆడుకున్నంత నిర్దాక్షిణ్యంగా ఇంకెవరూ ఆడుకోలేదు. పైగా దాన్నే జీవితకాలపు పనిగా పెట్టుకున్నాడు.

1888లో ఇంగ్లండు ఉత్తరాన స్టాక్టన్-ఆన్-టీస్‌లో పుట్టాడు. ఇంజినీరింగ్ అప్రెంటిస్‌గా చేరి, దాన్ని వదిలి మ్యూజిక్ హాల్ వేదికలెక్కాడు. మ్యూజిక్ హాల్‌లో పాట, గారడీ, నృత్యం, హాస్యం ఒకదాని వెంట ఒకటి వచ్చేవి. ఒక్కొక్కరికీ దొరికేది కొద్ది నిమిషాలే. ఈ వారం ఈ ఊళ్లో, వచ్చే వారం పక్క ఊళ్లో, అదే అంశం. జనం ఊరూరా మారతారు కాబట్టి కళాకారుడు ఒకే అంశాన్ని ఏళ్ల తరబడి అరగదీసి నునుపు చేసుకునేవాడు. సినిమా, రేడియో వచ్చాక ఆ సౌకర్యం పోయింది. ఒక్క రాత్రిలో దేశమంతా చూసేసిన హాస్యాన్ని మర్నాడు మళ్లీ ఎక్కడ వేస్తాం?

విల్ హే సోదరి బడిలో టీచరు. ఆమె చెప్పే తరగతి కబుర్లలోంచే ఆయన పంతులు పుట్టాడు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఫ్రెడ్ కార్నో బృందంలో పనిచేశాడు. చాప్లిన్, స్టాన్ లారెల్ అంతకుముందే ఆరితేరి వెళ్లిన బృందమది. తర్వాత ‘సెయింట్ మైకేల్స్ బడిలో ఫోర్త్ ఫారమ్’ అనే స్కెచ్‌తో పేరు తెచ్చుకున్నాడు. ముక్కు మీద జారిపోయే కళ్లజోడు, తల మీద వంకరగా కూర్చున్న పలక టోపీ, బట్టతల విగ్గు, ఇరుకున పడ్డప్పుడల్లా ఒక ఎగపీల్పు. ఎదురుగా ఇద్దరు ముగ్గురు విద్యార్థులు, వాళ్లలో ఒకడు ముసలివాడు. సామగ్రి అంతే.

నాది పాత వాదన, ఈ కాలమ్ చదివేవాళ్లకు కొత్త కాదు: హాస్యం మాట చెప్పేవాడి నోట్లో కన్నా వినేవాడి ముఖంలో ఎక్కువగా ఉంటుంది. రేలంగి, రమణారెడ్డిల గురించి రాసినప్పుడల్లా అదే అన్నాను, ఇప్పుడూ అంటాను. విల్ హేను చూడండి. పిల్లాడు ప్రశ్న అడుగుతాడు. పంతులుకు జవాబు రాదు. రాదని పిల్లాడికి తెలుసు, పిల్లాడికి తెలుసని పంతులుకూ తెలుసు. అప్పుడాయన కళ్లజోడు సర్దుకుంటాడు, ఒకసారి ఎగపీలుస్తాడు, ఆ ప్రశ్న అడగడమే క్రమశిక్షణా రాహిత్యం అన్నట్టు పిల్లాణ్ని చూస్తాడు. ఆ చూపు వెనక ఒక ఉద్యోగం వణుకుతుంటుంది. మనం నవ్వేది ఆ వణుకుకి.

మనకూ ఒక దొంగ పంతులున్నాడు. ‘కన్యాశుల్కం’లో వెంకటేశానికి చదువు చెప్పిన గిరీశం. అయితే గిరీశానికి బెరుకన్నది తెలియదు. ఒక కొంప మునిగితే ఇంకో కొంప చూసుకునే ఘటం. విల్ హే పంతులుకు ఇంకో కొంప లేదు.

ఆ పంతులు మేకప్ తీసేసిన మనిషి సంగతి ఇప్పుడు చెప్పాలి. దక్షిణ లండన్ నార్బరీలో ఆయన ఇంటి పెరట్లో ఒక అబ్జర్వేటరీ, అందులో ఆరంగుళాల టెలిస్కోప్ ఉండేవి. 1932లో రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ ఆయన్ని ఫెలోగా తీసుకుంది. 1933 ఆగస్టు 3 రాత్రి శని గ్రహాన్ని చూస్తుంటే, మధ్యరేఖ ప్రాంతంలో అంతకుముందు లేని తెల్లటి మచ్చ కనబడింది. వెంటనే డబ్ల్యూ.హెచ్.స్టీవెన్సన్ అనే ఖగోళ పరిశీలకుడికి కబురు చేశాడు. ఆయనా చూసి అవునన్నాడు.

ఆ మచ్చ ఒక బ్రహ్మాండమైన తుపాను. శని వాతావరణపు లోతుల్లోంచి పైకి తన్నుకొచ్చి, అమోనియా మంచు మేఘాలుగా తెల్లగా పరుచుకుంటుంది. అలాంటివి 1876లో, 1903లో కనిపించాయి. ఆ తర్వాత 1960లో, 1990లో, 2010లో వచ్చాయి. 2010 నాటి తుపానును శని చుట్టూ తిరుగుతున్న కాసీని వ్యోమనౌక దగ్గర్నుంచే చూసింది. 1933లో చూసినవాడు సాయంత్రాలు నాటకశాలలు చూసుకునే హాస్యనటుడు. శని మీద మనకు ఘనమైన నేల కనిపించదు, మేఘాలే కనిపిస్తాయి. అందుకని గుర్తుగా ఒక మచ్చ దొరికితే పండగే: అది గ్రహబింబం నడిమధ్యకు ఎప్పుడొచ్చిందో, మళ్లీ ఎప్పుడొచ్చిందో గడియారం చూసి రాసుకుంటే ఆ భాగం ఎంతసేపట్లో ఒక చుట్టు తిరుగుతుందో తేలుతుంది. శని మధ్యరేఖ దగ్గర అది పది గంటల పైచిలుకు. రాత్రి తర్వాత రాత్రి నిద్ర మానుకుని చేసే పని ఇది, చప్పట్లు కొట్టేవాళ్లెవరూ ఉండరు.

నన్ను కదిలించే విషయం ఇంకొకటి ఉంది. ఖగోళ పత్రికలకు ఆయన డబ్ల్యూ.టి.హే అన్న పేరుతో రాసేవాడు. వేదిక మీది పేరు పెడితే, తన పరిశీలనను నటుడి సరదాగా తీసిపారేస్తారని బెంగ. తరగతిలో ఏమీ తెలియని పంతులు తెలిసినవాడిలా నిలబడటానికి పాట్లు పడతాడు. పరిశీలకుల మధ్య అన్నీ తెలిసిన మనిషి, కోమాళీ అనుకుంటారేమోనని పేరు కుదించుకుంటాడు. రెండు చోట్లా భయం ఒకటే: బయటపడిపోతానేమో. ఆ పంతులు ముఖం మీద మనం చూసే భయం మేకప్‌తో వచ్చింది కాదని నేను నమ్ముతాను. 1935లో ‘త్రూ మై టెలిస్కోప్’ అని సామాన్యుల కోసం పుస్తకం రాశాడు. రెండో ప్రపంచ యుద్ధంలో నౌకాదళ వాలంటీర్ రిజర్వులో చేరి ఖగోళం, నావిగేషన్ నేర్పాడు. దొంగ పంతులుగా బతికినవాడు నిజం పంతులయ్యాడు. ఇప్పుడొక గ్రహశకలానికి ఆయన పేరుంది: 3125 హే.

సినిమాల్లోకి వచ్చేసరికి ఆయనకు నలభై అయిదేళ్లు. 1935 నాటి ‘బాయ్స్ విల్ బి బాయ్స్’లో దొంగ సిఫార్సు పత్రంతో హెడ్మాస్టరవుతాడు. ఆ సినిమాలోని నార్కోవర్ బడిని కల్పించింది జె.బి.మోర్టన్ అనే పత్రికా కాలమిస్టు. మా జాతివాడు కాబట్టి సంతోషంగా చెబుతున్నాను. 1937లో వచ్చిన ‘ఓ, మిస్టర్ పోర్టర్!’లో పంతులు టోపీ పోయి స్టేషన్ మాస్టర్ టోపీ వచ్చింది, మనిషి మాత్రం ఆ మనిషే. ఎవరూ దిగని ఐర్లండు పల్లె స్టేషనుకు వేస్తారు. అక్కడ మూర్ మారియట్ వేసిన బోసినోటి ముసలి గుమాస్తా, గ్రాహమ్ మొఫాట్ వేసిన బొద్దు కుర్రాడు. కొత్త మాస్టారి పసేమిటో ఆ ఇద్దరూ చిటికెలో పట్టేస్తారు. దర్శకుడు మార్సెల్ వార్నెల్ ఫ్రెంచివాడు. షూటింగు అప్పటికే మూతబడిన హ్యాంప్‌షైర్ రైలు మార్గంలో, క్లిడెస్డన్ స్టేషన్‌లో జరిగింది.

నాకన్నిటికన్నా ఇష్టమైనది 1939 నాటి ‘ఆస్క్ ఎ పోలీస్‌మన్’. ఏళ్ల తరబడి ఒక్క నేరమైనా నమోదు కాని పల్లె. నేరాలు లేకపోతే పోలీస్ స్టేషనెందుకని పైవాళ్లకు అనుమానం వస్తుంది. ఉద్యోగాలు నిలబెట్టుకోవడానికి ముగ్గురు పోలీసులూ నేరాలు తయారు చేయడం మొదలుపెడతారు. ఈ ఒక్క ఊహలో విల్ హే కళంతా ఉంది: పదవి తప్ప ఏమీ లేని మనిషి, ఆ పదవి కోసం ఎంతదాకా పోతాడు?

ముగ్గురిలో ఒకడిగా మిగిలిపోవడం ఇష్టం లేక ఆయన మారియట్, మొఫాట్‌లను వదిలి ఈలింగ్ స్టూడియోకు వెళ్లాడు. 1943లో వచ్చిన ‘మై లెర్నెడ్ ఫ్రెండ్’ చివరి సినిమా. ఈలింగ్‌లో చేసినవీ మంచి సినిమాలే. అయినా నాకు ఆ ముసలివాడు, ఆ కుర్రాడు లేని లోటు తెలుస్తూనే ఉంటుంది. ఆయన బండారం ఎరిగినవాళ్లు పక్కనుంటేనే ఆ బుకాయింపుకు బలం. 1949లో, అరవయ్యో ఏట ఆయన పోయాడు.

ఇదంతా తలుచుకున్నాక, ఎగతాళి ఆపండని రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు. ఇంకా గట్టిగా చేయమంటాను. జెల్లదెబ్బ ఎగతాళి కాదు, పోగొట్టుకోవడానికేమీ లేనివాడు పడితే అది వట్టి పడటమే. పంతులే కానక్కర్లేదు. ఆఫీసరు, డాక్టరు, ఎమ్మెల్యే, ఎవరినైనా తీసుకోండి. ముందు ఆ పని తెలిసినవాళ్ల దగ్గర కూర్చుని వాళ్ల కబుర్లు వినండి, విల్ హే తన సోదరి దగ్గర విన్నట్టు. ఆ కుర్చీ ఎంత విలువైనదో మాకు నమ్మకం కలిగించండి. ఆ తర్వాత మీ ఇష్టం, దాన్ని ఎన్నిసార్లయినా లాగేయండి.