చెవి వ్యాకరణం, కంటి వ్యాకరణం

ఇంగ్లీషు మాతృభాషగా గల అమెరికన్లు ‘షుడ్ హావ్’ అని రాయవలసిన చోట ‘షుడ్ ఆఫ్’ అని రాయడం చూసి మనవాళ్ళు విస్తుపోతుంటారు. తెలుగు మాధ్యమంలో చదివి, ఇంగ్లీషును పాఠ్యపుస్తకం నుంచి నేర్చినవాళ్ళు సాధారణంగా చెయ్యని తప్పు ఇది. అజ్ఞానమని తీర్పు చెప్పేముందు దాని పుట్టుకను పరిశీలించాలి.

ఊనిక లేని చోట ‘హావ్’లోని హకారం జారిపోతుంది, అచ్చు కుదించుకుపోతుంది. మిగిలేది ‘అవ్’. ‘ఆఫ్’ అని మనం పలికే చిన్నమాట కూడా వాళ్ళ నోట అచ్చంగా ‘అవ్’ అనే వినిపిస్తుంది. 19వ శతాబ్దపు రాతల్లోనే ఈ తారుమారు కనిపిస్తుంది. అక్కడి పిల్లలు మాటను ముందు చెవితో నేర్చి, తరువాత దానికి అక్షరాలు వెతుక్కుంటారు. మనం అక్షరాలను ముందు నేర్చి, తరువాత వాటికి ధ్వని వెతుక్కున్నాం. అందుకే వాళ్ళ తప్పు రాతలో బయటపడుతుంది, మనది పలుకులో.

‘గొనా’, ‘హాఫ్టా’ వంటి రూపాలు నోటి బద్ధకమనే అభిప్రాయం మనలో బలంగా ఉంది. అది నిలవదు. ‘దట్స్ ఆల్ ఐ హావ్ టు ఈట్’ అనే వాక్యాన్నే తీసుకుందాం. ‘హావ్’ను వకారంతో పలికితే, తినడానికి నా దగ్గర ఉన్నది ఇంతే అని అర్థం. ‘హాఫ్ టు’ అని ఫకారంతో పలికితే, నేను తినవలసింది ఇంతే అని. కాగితం మీద రెండూ ఒకటే. ‘యూజ్డ్ టు’ సంగతీ అంతే: జకారంతో పలికితే ‘ఉపయోగించిన’ అని, సకారంతో ‘యూస్టు’ అంటే పూర్వపు అలవాటు. అర్థభేదాన్ని మోస్తున్న ఉచ్చారణను బద్ధకమనడం సరికాదు. అది వ్యాకరణమే.

‘గోయింగ్ టు’ విషయంలో తెలుగే మంచి సాక్ష్యం. ‘వాన పడబోతోంది’ అన్నప్పుడు వాన ఎక్కడికీ పోవడం లేదు. ‘పోవు’ అనే గమనార్థక క్రియ భవిష్యత్తును సూచించే సహాయక క్రియగా మారింది, పకారం బకారమైంది. ‘ఊరికి పోతున్నాను’ అంటాం గాని ‘ఊరికి బోతున్నాను’ అనం. ఇంగ్లీషువాడూ అంతే: ‘ఐయామ్ గొనా ఈట్’ అంటాడు, ‘ఐయామ్ గొనా డాలస్’ అనడు. రెండు భాషలూ ఒకే దారిన నడిచాయి. తేడా లిపి దగ్గర వచ్చింది. మనం ఆ మార్పును ‘బో’ అని రాసుకున్నాం, ప్రామాణిక ఇంగ్లీషు రాతలో అది నమోదు కాలేదు.

‘వలయును’ ‘వలెను’గా, ఆపైన ‘ఆలి’గా మారితే మన రాత కూడా చివరికి దారి ఇచ్చింది. దానికి గిడుగు రామమూర్తి వంటివారు పోరాడవలసి వచ్చిందన్నది వేరే సంగతి. ఇంగ్లీషు వర్ణక్రమం మాత్రం 1755లో శామ్యూల్ జాన్సన్ నిఘంటువు వచ్చేనాటికే చాలావరకు స్థిరపడిపోయింది. నోరు ముందుకు సాగిపోయింది.

1924లోనే హెరాల్డ్ పామర్ ధ్వనుల ఆధారంగా వాడుక ఇంగ్లీషుకు ఒక వ్యాకరణం రాశాడు. మనకు ప్రామాణికమైనది మాత్రం రెన్ అండ్ మార్టిన్. అది రాత ఇంగ్లీషుకు మంచి పుస్తకమే. దాన్నే మొత్తం ఇంగ్లీషు వ్యాకరణమనుకోవడంతోనే చిక్కు వచ్చింది.

ఆ చిక్కు ఎంత దూరం పోగలదో వైద్యవృత్తిలో తెలుస్తుంది. అమెరికన్లు ‘క్యాన్’ను మామూలుగా ఊనిక లేకుండా ‘కన్’ అంటారు. ‘క్యాంట్’ను నిండు అచ్చుతో ఒత్తి పలుకుతారు, దాని చివరి టకారం తరచు వినిపించదు. మనం పుస్తకంలో ఉన్నట్టు ‘యూ క్యాన్ టేక్ దిస్’ అని ప్రతి మాటనూ ఒత్తి పలికితే, రోగి చెవిలో అది ‘వేసుకోకూడదు’ అయ్యే ప్రమాదం ఉంది. తిరిగి రోగి అన్న ‘క్యాంట్’ మనకు ‘క్యాన్’గా వినిపించవచ్చు. మందుల విషయంలో ఇది చిన్న పొరపాటు కాదు. కాదనవలసినప్పుడు ‘క్యాన్ నాట్’ అని విడదీసి చెప్పడం, చెప్పినదాన్ని రోగి చేత తిరిగి చెప్పించడం మంచి పద్ధతి.

వైద్య నివేదికల్లో ‘గొనా’ అని రాయమని కాదు. రాత మర్యాద రాతకు ఉండనే ఉంది. కాని ఇక్కడ పుట్టిన మన పిల్లలు ‘హాఫ్టా’ అన్నప్పుడు దిద్దబోయేముందు ఒక్క క్షణం ఆగి వినాలి. వాళ్ళు నియమం తప్పడం లేదు. మన పాఠ్యపుస్తకంలో లేని నియమాన్ని పాటిస్తున్నారు.