ప్రమాదాల పట్టికలో కనపడని కులం

పిల్లల పని మీద మన చట్టం రెండు గీతలు గీసింది. 14 ఏళ్లు నిండనివాళ్లు పనిలోకి పోకూడదు. 14 నుంచి 18 లోపువాళ్లు ప్రమాదకరమైన పని చెయ్యకూడదు. 1986 నాటి బాల కార్మిక చట్టానికి 2016లో చేసిన సవరణ సారం ఇదే. అంతకుముందు ఆ చట్టానికి 14 దాటినవాళ్ల ఊసే లేదు గనక ఇది ముందడుగే, కాదనం. అయితే ఏది ప్రమాదమో ఎవరి పనిని చూసి తేల్చారు?

2016 సవరణ పట్టికలో మూడే ఉన్నాయి: గనులు, మండే-పేలే పదార్థాలు, ఫ్యాక్టరీల చట్టం చెప్పిన ప్రమాదకర ప్రక్రియలు. 2017లో ఆ పట్టికను పెంచారు. ఎంత పెంచినా అది యంత్రాల, రసాయనాల, ప్రక్రియల జాబితాయే. పని చేసే పిల్ల ఏ వాడ నుంచి వచ్చింది, ఎవరికి బాకీ పడి వచ్చింది అన్నది దానికి పట్టదు.

గద్వాల, కర్నూలు ప్రాంతాల సీడు పత్తి చేలనే తీసుకోండి. హైబ్రిడ్ విత్తనానికి ఒక్కో పువ్వునీ చేత్తోనే క్రాసింగ్ చెయ్యాలి. సాయంత్రం మొగ్గ ఒలిచి పుప్పొడి భాగం తీసెయ్యాలి, మర్నాడు పొద్దున మగ పువ్వు తెచ్చి రుద్దాలి. ఈ పనికి ఎక్కువగా పెట్టింది ఆడపిల్లల్నే; వాళ్లలో దళిత, ఆదివాసీ, వెనకబడిన కులాల పిల్లలే ఎక్కువ. కాగితం మీద చూస్తే ఎంత తేలిక పని, పువ్వుని తాకడమే గదా! కానీ మందు కొట్టిన చేలో గంటల తరబడి నిలబడాలి. ఇంట్లోవాళ్లు తీసుకున్న అడ్వాన్సు తీరేదాకా మానేస్తానని అనే వీల్లేదు. అడ్వాన్సు ఏ పట్టికలోనూ ఒక 'ప్రక్రియ' కాదు.

అంతర్జాతీయ కార్మిక సంస్థ 1999లో చేసిన 182వ ఒడంబడికను భారతదేశం 2017లో ఆమోదించింది. పని స్వభావం వల్ల గానీ, పని చేయించే పరిస్థితుల వల్ల గానీ పిల్లల ఆరోగ్యానికి, భద్రతకి, నైతికతకి హాని జరిగే అవకాశం ఉంటే అది నిషిద్ధమేనని ఆ ఒడంబడిక అంటుంది. దానితోపాటు వచ్చిన 190వ సిఫారసు ఎక్కువ గంటల పనిని, రాత్రి పనిని, శారీరక, మానసిక, లైంగిక వేధింపులని కూడా లెక్కలోకి తీసుకోమంది. మన పట్టిక స్వభావం దగ్గరే ఆగిపోయింది. పరిస్థితి దాకా రాలేదు. ఈ దేశంలో పరిస్థితి అంటే మొట్టమొదట కులమే.

ఇంకో సంగతి. 14 లోపు పిల్లలు బడి అయ్యాక, సెలవుల్లో, ప్రమాదం లేని కుటుంబ వృత్తిలో సాయపడొచ్చని అదే సవరణ మినహాయింపు ఇచ్చింది. కుటుంబ వృత్తి అంటే మన దగ్గర చాలాచోట్ల కుల వృత్తే గదా! పుట్టుకతోనే పని అంటగట్టే పద్ధతి మీద అంబేద్కర్ జీవితమంతా పోరాడాడు. చట్టం ఆ పద్ధతికే దొడ్డిదారి తెరిచింది. 2009 విద్యా హక్కు చట్టమేమో 14 ఏళ్ల దగ్గర ఆగిపోతుంది. బడి హక్కు ముగిసిన చోటే పని అనుమతి మొదలవుతోంది.

పట్టికలో ఇంకో నాలుగు పేర్లు చేర్చమని అడిగితే సరిపోదు. 18 ఏళ్ల దాకా చదువు హక్కు కావాలి. 15 ఏళ్ల పిల్ల చేలో దొరికితే బాల కార్మిక చట్టం ఒక్కటే తిరగేసి ఊరుకోకూడదు. అడ్వాన్సు ఉందా అని 1976 వెట్టి చాకిరీ రద్దు చట్టం కింద అడగాలి. పిల్ల ఎస్సీ, ఎస్టీ అయి, వెట్టి చేయించినవాడు ఆ కులాలవాడు కాకపోతే 1989 అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసు పెట్టించాలి. మూడు చట్టాలూ పక్కపక్కన పెట్టి చదివితేనే పట్టిక దాచిన ప్రమాదం బయటపడుతుంది.